ప్రవీణ కుర్చీలోంచి లేవని ఆదివారం

చిల్కానగర్‌లో మా వీధి చివర స్వర్ణలత వాళ్ల పిండి గిర్ని ఉంది. పోయిన మంగళవారం గోధుమలు పట్టించడానికి వెళ్తే అక్కడ మా ప్రవీణ మాట నడుస్తోంది. నాచారంలో వాళ్ల కంపెనీ సామానంతా కొత్త షెడ్డుకు మార్చిన రోజున, ఆడా మగా ఒళ్లు హూనం చేసుకుంటుంటే ఆమె మాత్రం గేటు దగ్గర కుర్చీ వేసుకుని చాయ్ తాగుతూ కూర్చుందట. అంతటితో ఆగినా బాగుండేది. గేటు ముందు నుంచి అమ్మవారి బోనాలు పోతుంటే కూడా కుర్చీలోంచి లేవలేదట. స్వర్ణలత కోడలు సంతోషి ఆ కంపెనీలోనే పని చేస్తుంది, కళ్లారా చూసిందట.

స్వర్ణలత నా డబ్బా తూకంలో పెడుతూ అన్నది: "నీ ఇంట్ల కిరాయికున్న పిల్లనే గద వదినె, జర బుద్ధి జెప్పు. మనుషులకు లేవకపోతె మాయె, అమ్మకన్న లేసి నిలబడాలె గద."

పిండి పట్టాక డబ్బా ఎత్తుకుని వచ్చేశాను. తెలియని సంగతికి జవాబు చెప్పడం నాకు చేతకాదు. తెలుసుకోకుండా ఊరుకోవడం అసలే చేతకాదు. స్వర్ణలత అన్న దాంట్లో సగం నాకు తెలుసు. కుర్చీ నిజం, చాయ్ నిజం, ఆ రెండూ నేను చూశాను. బోనాల సంగతి చూడలేదు. ఎందుకు చూడలేదో ముందుకు పోతే మీకే తెలుస్తుంది. కానీ ఆ కుర్చీ దాకా ఆ పిల్ల ఎట్లా వచ్చిందో తెలియకుండా కుర్చీ గురించి మాట్లాడటం న్యాయం కాదు కాబట్టి రాస్తున్నాను. నాది ఐదో తరగతి చదువు. తప్పులుంటే దిద్దుకుని చదవండి.

ప్రవీణది జనగామ దగ్గర పల్లె. పన్నెండేళ్ల కింద పెళ్లయిన కొత్తలో మొగుడు తిరుపతితో వచ్చి మా పై పోర్షన్‌లో దిగింది. తిరుపతి ట్రాలీ ఆటో నడుపుతాడు. ఈమె నాచారంలో మసాలా పొడులు ప్యాక్ చేసే చిన్న కంపెనీలో చేరింది. సాయంత్రం మెట్లెక్కి పోతుంటే చీర వాసన పట్టి ఆ రోజు ధనియాల పొడి కట్టారో కారం కట్టారో నేను చెప్పగలను. కారం కట్టిన రోజు మా ఇంట్లో నాకూ తుమ్ములే.

పనిలో ఆమె చేయి మెరుపు. తోటి ఆడవాళ్లు ముప్పై మంది కంటే ఆమె డబ్బానే ముందు నిండుతుంది. అదే ఆమె గొప్ప, అదే ఆమె తిప్పలు కూడా. పక్కవాళ్లు మెల్లగా చేస్తే చూడలేదు. చేతిలోంచి గుంజుకుని తనే చేసేస్తుంది. మా మనవరాలి బారసాలకు వంటకు సాయం రమ్మంటే వచ్చి, నా చేతిలో గరిటె కూడా లాక్కుంది. నా ఇంట్లో నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను.

అయిదారు వారాల కింద కంపెనీ సేటు ఆమెను పిలిచి ఒక మాట చెప్పాడు. పాత షెడ్డు ఖాళీ చేయాలి, స్థలం వాళ్లు నెల తిరిగాక వచ్చే సోమవారానికి తాళం అడుగుతున్నారు. రెండు సందుల అవతల కొత్త షెడ్డు తీసుకున్నాడు. శనివారం మధ్యాహ్నం ప్యాకింగ్ ఆపాలి, సోమవారం పొద్దున ఎనిమిదింటికి కొత్త షెడ్డులో మళ్లీ మొదలవాలి. మిషన్లు బిగించే మెకానిక్ ఆ ఒక్క ఆదివారమే దొరికాడు. సూపర్‌వైజరు మానేసి వెళ్లిపోయాడు కాబట్టి ఈ పని నువ్వు నడిపించు అన్నాడు. ఎనిమిదింటికి ప్యాకెట్లు పోయే బెల్టు తిరిగితే సూపర్‌వైజరు నువ్వే. తిరగకపోతే బయటి నుంచి ఒకాయనను మాట్లాడి పెట్టాను, ఆయన వస్తాడు, నువ్వు మళ్లీ ప్యాకింగ్ లైన్‌లో కూర్చో అన్నాడు.

ఆ కంపెనీలో లైన్‌లో కూర్చున్న ఆడమనిషి సూపర్‌వైజరు కావడం అంతకుముందు లేదు. ప్రవీణ ఆ సాయంత్రం మా వంటింటి గడప మీద కూర్చుని ఈ సంగతంతా చెప్పి, అన్నం వద్దన్నది. మోయమంటే మోస్తాను, కట్టమంటే కడతాను, నడిపించడమంటే ఏం చేయాలో తెలియదన్నది. పదో తరగతి దాకా చదివింది కానీ ఈ చదువు అందులో లేదు.

ఆ వారంలోనే హబ్సిగూడలో మెట్రో స్టేషన్ కింద ఒక బోర్డు చూసింది. ప్రాజెక్టులు నడిపించడం నేర్పుతారట, నాలుగు ఆదివారాలు, పొద్దున పది నుంచి ఒంటిగంట దాకా. ఒక్కతే పోవడానికి జంకింది. నన్ను తోడు రమ్మన్నది. నన్ను రెండోసారి అడగాల్సిన పని ఎవరికీ ఉండదు.

కోచింగ్ సెంటర్ మూడో అంతస్తులో ఏసీ గది. అంతా ల్యాప్‌టాప్‌ల పిల్లలు. వెనక బెంచీ మీద మేమిద్దరం. నేర్పే ఆయన పేరు సత్యనారాయణమూర్తి. మౌలాలిలో ఉంటారు, రైల్వేలో పట్టాల పని చూసి రిటైరయ్యారు. గోడకు కట్టిన తెర మీద అన్నీ ఇంగ్లీషు మాటలే. ప్రవీణ రాసుకుంటూనే ఉంది కానీ మొహం చూస్తే తెలుస్తోంది, ఒక్కటీ ఎక్కడం లేదు. అది ఆయన కూడా చూసినట్టున్నారు. తెర ఆపేసి పట్టాల సంగతి చెప్పారు.

పట్టాలు మార్చాలంటే రైళ్లు ఆపాలి. వాళ్లకు మూడు గంటలు ఇచ్చేవారట. నాలుగో గంట ఎవరూ ఇవ్వరు, అవతల బండి వచ్చి నిలబడుతుంది. కాబట్టి ఆ మూడు గంటల్లో, రైళ్లు ఆగితే తప్ప కుదరని పని మాత్రమే చేయాలి. మిగతాదంతా ముందే అయిపోవాలి. బోల్టు ఉండాల్సిన చోట బోల్టు, మనిషి ఉండాల్సిన చోట మనిషి. "మూడు గంటల పని అమ్మా అది," అన్నారాయన మా బెంచీ వైపు చూస్తూ, "మూడు వారాల ముందు మొదలుపెడితేనే మూడు గంటల్లో అవుతుంది."

ఎవరి పని వాళ్లు కాగితం మీద రాయమన్నారు. ప్రవీణ మూడు లైన్లు రాసింది: విప్పాలి, మోయాలి, బిగించాలి. ఆయన నవ్వలేదు. బిగించాక మిషనుకు కరెంటు ఎక్కడి నుంచి వస్తుందమ్మా అని అడిగారు. ప్రవీణకు తెలియదు. మర్నాడు పని అయ్యాక కొత్త షెడ్డుకు వెళ్లి చూస్తే, కరెంటు పాయింటు మిషన్లు పెట్టే గోడకు కాకుండా ఎదురు గోడకు ఉంది. ఆదివారం దాకా ఎవరికీ కనబడి ఉండేది కాదు. ఇంటికి వచ్చి ఆ సంగతి చెప్తూ రెండు పూటల అన్నం ఒకేసారి తిన్నది.

అప్పటి నుంచి మా మెట్ల గోడ నిండా చీటీలు. పాత క్యాలెండర్ కాగితాలు కత్తిరించి, ఒక్కో చీటీ మీద ఒక్కో పని, ఎవరు చేయాలి, దాని కంటే ముందు ఏం అయి ఉండాలి అని రాసి అంటించింది. కరెంటు పాయింటు మార్చడం ఒక చీటీ. తలుపు వెడల్పు కొలవడం ఒక చీటీ. ఖాళీ డబ్బాలు, ర్యాకుల మీద పేర్లు, బెల్టుకు నంబర్లు వేయడం, అన్నీ శనివారానికి ముందే అయిపోయే చీటీలు. నేను మెట్లెక్కీ దిగీ అన్నీ చదివాను. తిరుపతి, ఇంట్లో కూరకు కూడా చీటీ ఉందా అని ఎగతాళి చేస్తే, ఒక చీటీ తీసి అతని చొక్కాకే అంటించింది: ఆదివారం పొద్దున ఏడు, ట్రాలీ, వాన వస్తే కప్పడానికి పెద్ద కవరు. నాకు చీటీ లేదా అని నేనే అడిగి తీసుకున్నాను. ముప్పై మందికి పులిహోర. మనమేం తక్కువ.

మూడో ఆదివారం సారు ఒక్కొక్కరినీ లేపి, మీ మనుషులంతా ఆ రోజు వస్తారని ఎట్లా తెలుసు అని అడిగారు. ప్రవీణ ధీమాగా, ముప్పై మందినీ అడిగాను, అందరూ వస్తామన్నారు అని చెప్పింది.  వస్తారా అని అడిగారా, ఆ రోజు ఇంట్లో ఏముందని అడిగారా అన్నారాయన. రెండింటికీ తేడా ఏమిటో మా ఇద్దరికీ అప్పుడు అర్థం కాలేదు.

సోమవారం అన్నాల వేళ, లైన్‌లో అందరికంటే పెద్దామె తారామణిని పక్కన కూర్చోబెట్టుకుని సారు చెప్పినట్టే అడిగింది. ఈ మాట ప్రవీణ నాకు ఎన్నిసార్లు చెప్పిందంటే, నేను పక్కనే ఉన్నట్టు రాయగలను.

"తారామణక్కా, ఆ ఆదివారం మీ ఇంట్ల ఏమున్నది?"

"బోనం ఉన్నది బిడ్డా. మా బస్తీది ఆ ఆదివారమే."

"మరి వస్తనంటివి గద?"

"నువ్వు నోరు తెరిసి అడిగితివి. మొఖం మీద రానని ఎట్లంటం? ఎట్లనో ఒకట్ల సర్దుదమనుకున్న."

ఇది మన దగ్గర అందరికీ జరిగే పొరపాటే. ఆషాఢంలో ప్రతి ఆదివారం ఏదో ఒక వైపు బోనాలు ఉంటాయి కానీ, ఎవరికి వాళ్ల బస్తీ ఆదివారమే ఆదివారం. మా వాడలో ఆఖరి వారం. కాబట్టి ప్రవీణ లెక్కలో ఆ ఆదివారం ఖాళీ. జనగామ వైపు అయితే బోనాలు శ్రావణంలో. ఒక్కొక్కరినీ అడిగితే తేలింది, నాచారం వైపు బస్తీల వాళ్లు పదకొండు మందిని, వాళ్లు తలకు బోనం ఎత్తుకునే రోజున డబ్బాలు ఎత్తుకోవడానికి రమ్మని పిలిచింది. పదకొండు మందీ వస్తామన్నారు. ఒక్కరికీ వచ్చే వీలు లేదు. ఆ రోజు అడగకపోయి ఉంటే పదకొండు మందీ ఆదివారం పొద్దున ఫోన్ చేసి, కడుపునొప్పి అనో చుట్టాలొచ్చారనో చెప్పేవాళ్లు.

ఆ సాయంత్రం ప్రవీణ మెట్ల మీద నిలబడి చీటీలు పీకేయడం మొదలుపెట్టింది. సేటుకు చెప్పేస్తాను, ఆ బయటాయననే పిలుచుకోమంటాను అన్నది. నేను ఏదో ఓదార్పు చెప్పబోతున్నాను. కింద ట్రాలీ కడుగుతున్న తిరుపతి తల కూడా ఎత్తకుండా అన్నాడు: "పదకొండు మంది రారు. పందొమ్మిది మంది వస్తరు గద. వాళ్ల లెక్క జూడు."

ప్రవీణ పీకిన చీటీలు ఒక్కొక్కటే చదువుకుంది. తరువాత మళ్లీ అంటించింది, వేరే వరసలో.

మర్నాడు ఆ పదకొండు మంది మధ్య కూర్చుని వస్తారా అని అడగలేదు. బోనం ఎన్నింటికి ఎత్తుతారు, ఏ దారిన పోతారు, ఎప్పుడు ఖాళీ అవుతారు అని అడిగింది. అప్పుడు అసలు సంగతి బయటపడింది. ఊరేగింపు వెళ్లేది కొత్త షెడ్డు గేటు ముందు నుంచే, సుమారు రెండు గంటలకు. అరగంట సేపు ఆ సందులో సైకిల్ కూడా కదలదు. అది తెలియకుండా ఉంటే పెద్ద మిషను ట్రాలీ మీద ఆ గుంపు మధ్యలో ఇరుక్కునేది. ప్రవీణ పెద్ద మిషన్లు రెండూ రెండు గంటల లోపే షెడ్డులో ఉండాలని రాసుకుంది. దారి ఎట్లాగూ బందయ్యే ఆ అరగంటకే అందరికీ భోజనం టైము పెట్టింది. నా చీటీ మీద పన్నెండున్నర కొట్టేసి రెండు గంటలు అని రాసింది. పదకొండు మందికి ఆదివారం ఏ పనీ పెట్టలేదు. వాళ్లు తమంతట తామే శనివారం సాయంత్రం దాకా ఉండి పాత షెడ్డులో సామాను విప్పుతామన్నారు, సోమవారం పొద్దున ఆరింటికి వచ్చి కొత్తది కడుగుతామన్నారు.

ఆఖరి క్లాసులో సారు ఆమె కాగితం తీసుకుని చూశారు. తరువాత ఎర్ర పెన్నుతో ఒక పేరు కింద గీత గీస్తూ పోయారు. ప్రవీణ, ప్రవీణ, ప్రవీణ. ఏడు చోట్ల. బెల్టు పట్టేది తనే, మిషను పక్కన నడిచేది తనే, ర్యాకులు సర్దేది తనే. "మీరు బెల్టు మోస్తున్నప్పుడు మెకానిక్‌కు సందేహం వస్తే ఎవరిని అడగాలమ్మా?" అన్నారు.  ఏడు చోట్లా కొట్టేయించి, ఒక్క చోట రాయించారు: గేటు దగ్గర. ఎవరికి కావాలన్నా అక్కడ దొరకాలి, అక్కడి నుంచి కదలకూడదు. తిరుగు దారిలో మెట్రో మెట్ల మీద ప్రవీణ తన చేతులు చూసుకుంటూ నడిచింది. వీటినేం చేసుకోను పెద్దమ్మా అని అడిగింది. చాయ్ గ్లాసు పట్టుకో అన్నాను. అంటే ఆ చాయ్ నా సలహానే. గిర్నిలో ఎవరైనా రాసుకోవచ్చు.

ఆదివారం రానే వచ్చింది. నేను పులిహోర డేక్సా తీసుకుని చెప్పిన దానికంటే రెండు గంటలు ముందే వెళ్లాను, చూడకుండా ఉండలేక. గేటు పక్కన ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలో ప్రవీణ ఉంది. ఒడిలో అట్టకు పెట్టిన కాగితం, ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో చాయ్. మొదటి మిషను అప్పటికే లోపల ఉంది. రెండోది ట్రాలీ మీద సందు మలుపు తిరుగుతోంది. అంతలో సన్నగా వాన పట్టుకుంది. తిరుపతి పెద్ద కవరు మిషను మీద కప్పాడు. ఆ చీటీ గుర్తొచ్చి నాకు నవ్వొచ్చింది. కానీ బయట ఉన్న ర్యాకులు తడుస్తున్నాయని మోయడానికి వచ్చిన హమాలీలు నలుగురు వాటిని లోపలికి తోయడం మొదలుపెట్టారు. అవి గడపలోకి పోతే మిషనుకు దారి ఉండదు. ఒకడు ముందు ఇదంటాడు, ఇంకొకడు ముందు అదంటాడు. ఒక ర్యాకు గడప మీద అడ్డం పడింది.

ప్రవీణ లేవబోయింది. కుర్చీ చేతులు రెండూ గట్టిగా పట్టుకుని మళ్లీ కూర్చుంది. వాళ్లే ఆమె దగ్గరికి వచ్చారు. ఆమె కాగితం వైపు చూసి మెల్లగా అన్నది: "ర్యాకు తడిస్తె తుడుసుకుంటం అన్నా. మిషను లోపటికి పోయిందాక ఒక్క ర్యాకు గడప దాటొద్దు." అంతే. ర్యాకు వెనక్కి జరిగింది. మిషను లోపలికి పోయింది, తలుపుకు రెండు వైపులా నాలుగు వేళ్ల సందు వదిలి. ఆ నాలుగు వేళ్లూ ఆమె ముందే కొలిచి పెట్టుకున్నవే. అప్పుడు గడియారం చూశాను. ఒంటిగంటా ఇరవై.

రెండు గంటలకు డప్పులు వినబడ్డాయి. అందరూ లోపల భోజనానికి బంతిలో కూర్చున్నారు, నేను వడ్డిస్తున్నాను. బోనాల ముందు నడిచే పోతరాజు కొరడా చప్పుడు విన్నాను, వేపాకు వాసన వచ్చింది, ఊదు పొగ గేటు మీదుగా లోపలికి వచ్చింది. కానీ నా చేతిలో గరిటె ఉంది, ముందు పందొమ్మిది విస్తళ్లు, మెకానిక్, హమాలీలు. బోనాలు చూడలేకపోయాను. సంతోషి మాత్రం విస్తరి వదిలి దండం పెట్టుకోవడానికి గేటు దాకా వెళ్లి వచ్చింది. అప్పుడు ప్రవీణ కుర్చీలోనే ఉందట. సంతోషి చూసిందీ, ఇంటికి పోయి అత్తకు చెప్పిందీ అదే.

సాయంత్రానికి బెల్టు బిగించారు. సోమవారం ఆరింటికి నాచారం వాళ్లు పదకొండు మందీ వచ్చారు, కాళ్లకు పసుపు ఇంకా పోలేదు. తారామణి ప్రసాదం తెచ్చి ముందు మిషను దగ్గర పెట్టింది, తరువాత ప్రవీణ చేతిలో పెట్టింది. ఎనిమిదికి ఐదు నిమిషాలు తక్కువ ఉండగా బెల్టు తిరిగింది. మొదటి ప్యాకెట్ పసుపు పొడి. సేటు చూసి కొత్త షెడ్డు తాళాల గుత్తి తీసి ప్రవీణకు ఇచ్చి వెళ్లిపోయాడట. ఆ ప్యాకెట్ ప్రవీణ కొనుక్కుని తెచ్చింది. ఇప్పుడు మా వంటింట్లో ఉంది. దాన్ని ఇంకా విప్పలేదు, విప్పే ఉద్దేశం కూడా లేదు. వచ్చిన వాళ్లందరికీ చూపిస్తున్నాను.

ఇంత తెలిసి కూడా మంగళవారం గిర్నిలో నోరు మూసుకుని వచ్చానంటే, ఆ ఒక్క మాటకే. మనుషుల ముందు కూర్చోవడం సారు చెప్పిన పద్ధతి, దానికి ఎవరితోనైనా పోట్లాడతాను. అమ్మ ముందు కూర్చోవడం ఏ క్లాసులో చెప్పారు? పిండి డబ్బా ఇంట్లో పెట్టకుండానే పైకి వెళ్లాను. ప్రవీణ దండెం మీద చీర ఆరేస్తోంది. కొంగు ముడిలో తాళాల గుత్తి. ధనియాల వాసన.

చుట్టూ తిప్పకుండా అడిగాను. బోనాలు పోతుంటే లేవలేదట, నిజమేనా అన్నాను. పద్ధతి కోసమే కూర్చున్నావా అని కూడా నేనే అందించాను, ఆమెకు సులువుగా ఉంటుందని.

ఆమె చీర కొస సాపు చేసి, అది గాలికి పోకుండా క్లిప్పు పెట్టి, అప్పుడు చెప్పింది.

"పద్ధతి కోసం గాదు పెద్దమ్మా. పొద్దటి సంది కాళ్లు వణుకుతనే ఉన్నయి. మిషను గడప దాటినంక ఇంకా ఎక్కువైనయి. తారామణక్క తల మీద బోనంతోటి గేటు ముందటికొచ్చినప్పుడు లేద్దామని సూసిన, లేవలేకపోయిన. లేసి పడితె అందరు విస్తర్లు ఇడిసిపెట్టి ఉరికొస్తరు. అందుకే కూసునే దండం పెట్టుకున్న. తారామణక్క సూసింది, కండ్లతోనే సరే అన్నది."